గౌను అంచున పరాయి ఇంటి గుర్తు

పసుపు రాస్తున్న చెయ్యి అమ్మ ఎడమ పాదం దగ్గర ఆగిపోయింది. కుడి పాదం అప్పటికే పచ్చగా ఉంది. కింద కూర్చుని పసుపు రాస్తున్న వీధి చివరింటి పెద్దమ్మ, అమ్మను ఆనుకొని నిలబడ్డ నా గౌను అంచును ఆ తడిచేత్తోనే తిరగేసి చూసింది. చూసి, పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ వినపడేలా అడిగింది.

“ఏందిమే, మా దుప్పటి నీ కూతురి ఒంటి మీద ఉండాదే?”

అరవైల మొదట్లో, దొరవారిసత్రం పక్కన మా పల్లెలో, పెద్దమ్మ తన మనవణ్ణి ఉయ్యాల్లో వేసిన రోజది. అప్పట్లో మాకు కొత్త గుడ్డ నాయుడుపేట నుంచి పండక్కే వచ్చేది. మిగతా కాలమంతా పాత దుప్పట్లే గౌన్లూ నిక్కర్లూ అయ్యేవి. దుప్పటి చిరిగేది నడుమ. అంచులు గట్టిగా ఉంటాయి. నేసిన అంచు కిందికి వచ్చేలా అమ్మ గౌను కత్తిరించేది. అలా అయితే మడిచి కుట్టే పని తప్పుతుంది.

చిక్కల్లా చాకలి గుర్తు ఆ అంచు మూలనే ఉండటం. ఊరందరి బట్టలూ ఉతికే చాకలి తాత, ఏ ఇంటివో తెలియడానికి నల్లజీడి రసంతో గుర్తులు పెట్టేవాడు. ఎన్ని ఉతుకులైనా పోవవి. మా ఇంటికి రెండు చుక్కలు, పెద్దమ్మ ఇంటికి ఇంటూ గుర్తు. దుప్పట్లేమో మూట భుజాన వేసుకొని తిరిగే ఒక్క నేతాయన దగ్గరే అందరూ కొన్నారు. అన్నీ నీలం అంచువే. ఉతికిన బట్టల మూటలో మా ఇంటికొచ్చింది కాబట్టి మాదేననుకుంది అమ్మ. గుర్తు కనపడకుండా లోపలికి మడిచి రెండు కుట్లు వేసిందే గాని, అదెవరి గుర్తో చూడలేదు. ఆ రెండు కుట్లూ నేను గోడలెక్కి ఊడగొట్టాను.

ఆ గౌనుకు దిండు గలీబు ముక్కతో జేబు కుట్టి ఉంది. నాకు అంతకు ముందు జేబన్నది లేదు. అప్పటికే దాన్నిండా పేరంటం శనగలు పోసుకొని ఉన్నాను. గౌను పోతే జేబు పోతుంది, శనగలూ పోతాయి. జేబును గుప్పిట పట్టుకొని అమ్మ వెనక్కి జరిగాను.

అమ్మ ఇంటూ గుర్తు చూసింది. ముఖం కాస్త మారింది గాని, మాట తగ్గలేదు.

“మూటలో వచ్చినాది, కత్తిరించినా. నేనేమన్నా మీ దండెం మీద నుంచి తెచ్చుకున్నానా అక్కా?”

ఎట్లా వచ్చినా తమ సొత్తు తమదేనని, గౌను అక్కడే విప్పి పెట్టి పొమ్మని పెద్దమ్మ పట్టుబట్టింది. అందరూ నావైపు చూశారు.

“పెద్దమ్మా, నిక్కరు గూడా ఆ దుప్పటిదే. అదీ విప్పాల్నా?” అన్నాను.

ఒకావిడకు నవ్వుతో తాంబూలం పొలమారింది. పెద్దమ్మ కూడా పెదవి బిగబట్టుకుంది. ఆ సందు చూసుకొని అమ్మ ఒక్క పాదం పసుపుతోనే లేచి ఉయ్యాల దగ్గరికి నడిచింది. పిల్లవాడి కింద పరిచిన పొత్తిళ్ళకు నీలం అంచు ఉంది.

“మీది మా ఇంటికొస్తే, మాది యాడికి పోయుంటుందక్కా?”

ఇక ఇద్దరూ కలిసి పొత్తిగుడ్డలు ఒక్కొక్కటే లాగి అంచులు వెతికారు. ఆ గాలికి పిల్లవాడు ఇద్దరి చేతుల మీదా తన పని కానిచ్చేశాడు. గుర్తున్న మూల మాత్రం దొరకలేదు. చివరికి మంచం మీద నుంచి బాలింతరాలు మెల్లగా చెప్పింది.

“ఆ మూల ముక్క కాటుక వత్తికి చింపినానమ్మా.”

అందరం పిల్లవాణ్ణి చూశాం. కళ్ళ నిండా కాటుక, బుగ్గన ఇంత చుక్క.

గౌను నాకే మిగిలింది, పెద్దమ్మ పసుపు వేళ్ళ మరకతో సహా. నా తర్వాత మా చెల్లెలు కూడా తొడుక్కుంది. చాకలి తాతను అడిగితే, మా ఇంట్లో మా మాట, వాళ్ళింట్లో వాళ్ళ మాట చెప్పాడు. కాటుకైపోయిన ఆ మూలన మా రెండు చుక్కలున్నాయో, వాళ్ళదే ఇంకో ఇంటూ ఉందో ఇప్పటికీ తేలలేదు.