చేతులకు రాసిన పనస జిగురు

"క్యారేజీ మరిసిపోనావు" అన్నాను.

"కుక్కకెట్టీ" అన్నాడు.

నా మొగుడూ నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలివే. వెనక్కి చూడకుండా తన్లిన్ రేవుకు వెళ్ళే బస్సెక్కాడు. నాకు ఒళ్ళు మండి ఆ అన్నం నిజంగానే కుక్కకు పెట్టాను. కుక్క తింటూ ఉండగానే కబురొచ్చింది, క్రేను తాడు తెగి బియ్యం మూటలు అతని మీద పడ్డాయని.

రాయవే అమ్మీ, ఆగకు. నాకు నా పేరు గీయడం తప్ప రాదు. ఆడపడుచు కూతురివని నిన్ను కూర్చోబెట్టుకున్నాను. మీ అమ్మమ్మ, అంటే మా అత్త, మంచం పట్టేదాకా సంచౌంగ్ బజారంతా చెప్పింది, ఇప్పుడు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతోంది. కొడుకు చేతులకు పనస జిగురు రాసింది కోడలేనట, దాంతోనే ఆట పోయిందట, చదువు పోయిందట, చివరికి ప్రాణం పోయిందట. ఎవరు రాశారో నేను చెబుతాను.

అతను చదివిన కాలేజీలో ఒక మాస్టారు అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ మొదలుపెట్టాడు. అది కాలితో తన్నే ఆట కాదు. బంతి పనసపిక్కను పెద్దది చేసినట్టు రెండు వైపులా మొనదేలి ఉంటుంది. ఒకడు విసురుతాడు, దూరంగా పరిగెత్తినవాడు పట్టుకోవాలి. ఆ పట్టేవాణ్ణి రిసీవర్ అంటారు. జట్టులో ఉన్నంతకాలం ఫీజు కట్టనక్కర్లేదు. రేవు కూలీ కొడుకు కాలేజీలో కూర్చోవాలంటే అదొక్కటే దారి.

మింగళాడోన్ మైదానంలో మొదట్లో బంతి అతని చేతుల్లో నిలిచేది కాదు. వదిలేసిన ప్రతిసారీ మాస్టారు గోడ దగ్గర నిలబెట్టి, చేతులు వెనక్కి పెట్టుకోమని, జట్టంతా అతని మీదికి బంతులు విసరమనేవాడు. "ముఖంతో పట్టు, కలా!" అని నవ్వేవారు. ఓడెక్కి వచ్చిన మనలాంటి ఇండియా మొహాలను ఈ దేశంవాళ్ళు అలాగే పిలుస్తారు. ముక్కు వాచి ఇంటికొస్తే మా అత్త, "ఆ మొకానికి వాపే అందం" అనేది.

సాయంత్రాలు సందులో నేను పీచు తీయని కొబ్బరికాయ విసిరేదాన్ని.

"ఒలే, పేడముద్ద ఏస్తున్నావేటి? గట్టిగా ఇసురు!"

"నీ మొకం పగిలితే మీ యమ్మ నన్నంటాది."

"పగలకపోయినా అంటాది. ఇసురు."

అలా నేర్చుకున్నాడు. వానాకాలం వచ్చేసరికి ఒంటిచేత్తో లాక్కునేవాడు. మొదటి పెద్ద ఆటకు మాస్టారు అతన్నే దింపాడు.

ఆ రోజు పొద్దున్నుంచీ కుండపోత. మా అత్త అప్పట్లో పనసకాయలు కొట్టి పొట్టు అమ్మేది. కత్తిపీటకు పట్టిన పనస పాలు వేళ్ళతో తీసి "సేతులు సాపు" అంది. మా మామా, ఆయన తండ్రీ రేవులో తడిసిన మూటలు జారకుండా అరచేతులకు ఆ జిగురే రాసుకునేవారు. ఈ ఇంట్లో అది మోసం కాదు, పనివాడి తెలివి.

"ఆటలో ఒప్పుకోరేమో అత్తా" అన్నాను.

"నీకేటి తెల్సే? మీ బాబు రేవు సూసాడేటి?"

అతను చేతులు చాపాడు.

ఒక్క బంతీ జారలేదు. వానలో నిలబడి గొంతు పోయేలా అరిచాను. అంతలో అవతలి జట్టువాడొకడు బంతి తెచ్చి మాస్టారి కాళ్ళ దగ్గర పడేశాడు. గడ్డీ మట్టీ అంటుకుని అది చచ్చిన పందికొక్కులా ఉంది. మాస్టారు నా మొగుడి అరచేతులు వాసన చూశాడు.

"ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

"మూటల పని కాదిది. పో."

అందరి ముందూ జెర్సీ విప్పించాడు. బట్ట చేతులకు అంటుకుపోతే జట్టువాళ్ళు చెరోవైపూ లాగి నవ్వారు. ఆ వారంలోనే కాలేజీ ఫీజు అడిగింది.

ఇంటికొచ్చి తోలు లేచేదాకా కిరసనాయిలుతో చేతులు తోముకున్నాడు. కొబ్బరినూనెకు పోతుందని చెప్పినా వినలేదు. మా అత్త గుమ్మంలో నిలబడి, ఇరుగుపొరుగు వింటూ ఉండగా, "రాసింది నీ పెళ్ళాం కదా, దాన్నే అడుగు" అంది. అతను నన్ను చూశాడు. వాళ్ళమ్మను చూశాడు. నోరు విప్పలేదు. అన్నీ తెలిసి విప్పలేదు. అందరూ ముసలిదాని మాటే నమ్మారు. రేవులో కూలికి చేరాక అతను నాతో మాట్లాడిందల్లా ఆ క్యారేజీ మాటలాంటివే.

తాడు తెగినప్పుడు పక్కనున్నవాళ్ళు దూకేశారు. అతను కదల్లేదట. రెండు చేతులూ పైకెత్తాడట. మేస్త్రీ నా ముందు నిలబడి అలా ఎత్తి చూపించాడు. పట్టుకుందామనే. వెధవ.

ఎందుకాగావు? "అమ్మమ్మ అనే రాయాలేటి అత్తా" అంటావా? అమ్మమ్మ అనే రాయి. పక్కగదిలో కాళ్ళు పడిపోయి ఉంది, దాని మలమూత్రాలు నేనే ఎత్తుతున్నాను. చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి. రాయడం అయిందా? లే, ఆ తలుపు బార్లా తెరువు. ఇప్పుడు మొదటినుంచి చదువు, గట్టిగా.