కపుస్తా గారి ఊగే కుర్చీలు

ఆర్విల్ కపుస్తా కంటికి ముప్పై అయిదేళ్ళు దాటని ఆటగాడు ఆనేవాడు కాదు. ఎంత పరిగెత్తనీ, ఎన్ని గోల్స్ కొట్టనీ, మోకాలు చప్పుడు చెయ్యకపోతే ఆయన దృష్టిలో వాడింకా పచ్చికాయే. అమెరికాలోని మా ఈరీ పట్నంలో సాకర్ జట్టు పెట్టిన రోజు నుంచి ఆయన తెచ్చిన ప్రతివాడూ ఒకప్పుడు ఏదో ఒక దేశంలో ఓ వెలుగు వెలిగినవాడే. ఆ వెలుగుకీ, మా ఊళ్ళో దిగడానికీ మధ్య ఒంటికి జరిగిన నష్టమంతా నా చేతుల్లో పడేది. నా పేరు ఇర్మా డెల్వెకియో. ఆ జట్టుకి కట్లు కట్టి, కాళ్ళు పట్టి, మంచు పెట్టే మనిషిని. వేరే జట్లలో నాలాంటివాళ్ళకి ఆట అయ్యాక పని. నాకు ఆటకి ముందే సగం ప్రాణం పోయేది, వాళ్ళని లేపి నిలబెట్టేసరికి.

జట్టు పేరు ఈరీ యాంకర్స్. యాంకర్లంటే ఓడ లంగర్లు. పక్కనే పెద్ద సరస్సు ఉంది కదా అని కపుస్తా ముచ్చటపడి పెట్టుకున్నాడు. పేరుకి తగ్గట్టే మావాళ్ళు దిగిన చోటు నుంచి కదిలేవారు కాదు.

కపుస్తాది కుర్చీలూ మంచాలూ అమ్మే కొట్టు. మనిషి గుండ్రంగా, గళ్ళ కోటుతో, తనే ఒక సోఫాలా ఉండేవాడు. జన్మలో సాకర్ ఆడలేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఈనాటికీ ఆయనకి తెలియదు. రిఫరీకి ఒళ్ళు మండినప్పుడు ఇచ్చే శిక్ష అనుకుంటాడు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. బేస్‌బాల్ ఆటగాడు ముసలివాడై ఆట మానేసేటప్పుడు, జనం ముందు నిలబెట్టి ఒక ఊగే కుర్చీ బహుమతిగా ఇస్తారు. ఇక ఇంట్లో కూర్చుని ఊగవయ్యా అని. కపుస్తా ఆ కుర్చీని ఆటగాడు చేరిన రోజే ఇచ్చేవాడు. బ్రెజిల్ నుంచి ఆడెల్మో విమానం దిగిన రోజు నేను పక్కనే ఉన్నాను. పూలగుత్తి కోసం రెండు చేతులూ చాచినవాడి చేతుల్లో కుర్చీ పెట్టాడు.

"ఇదేంటి?" అన్నాడు ఆడెల్మో.

"కుర్చీ."

"నేను ఆడ్డానికొచ్చాను!"

"ఆడు నాయనా, ఎవడొద్దన్నాడు? ఆడాక కూర్చుంటావుగా?"

"మా ఊళ్ళో నాకు విగ్రహం పెట్టారు, తెలుసా?"

"నిలబడుందా, కూర్చునుందా?"

"నిలబడే ఉంది."

"అయ్యో పాపం, దానికి కాళ్ళు లాగవూ? నువ్వన్నా కూర్చో."

ఆడెల్మో కూర్చున్నాడు. ఆ కుర్చీలోంచి లేవడానికి ఇద్దరం చెయ్యందించాం.

హోటల్లో దింపడమన్నది కపుస్తా ఎరగడు. ఒక్కో ఆటగాణ్ణి ఒక్కో వీధిలో, పిల్లాజెల్లా ఉన్న ఇంట్లో పెట్టేవాడు. ఆయన పిసినారితనమని ఊరంతా నవ్వేది. దానికి తోడు ఒక షరతు. కుర్చీ ఇంటి ముందు వరండాలోనే ఉండాలి, వీధి వైపు తిరిగి ఉండాలి. ఇంట్లోకి జరిపారని తెలిస్తే సరుకులు చేరవేసే లారీ వేసుకొచ్చి మరీ మళ్ళీ బయట పెట్టించేవాడు. కుర్చీ ముందు వైపు, తల ఆనే పట్టీ మీద, బెత్తెడు అక్షరాలతో కొట్టు పేరు రాసి ఉండేది. ఇది ఉత్త వ్యాపార ప్రకటన అని నేను తేల్చేసుకున్నాను.

"వీళ్ళ నడుములకి ఊగే కుర్చీ విషం, కపుస్తా గారూ!" అని నెత్తీ నోరూ బాదుకునేదాన్ని.

"ఊగితే కీళ్ళు వదులవుతాయి ఇర్మా."

"మీరేమన్నా డాక్టరా?"

"కుర్చీల డాక్టర్ని. ఇంతవరకూ నా చేతిలో ఒక్క కుర్చీ పోలేదు."

ఇక ఆట సంగతి. మాకు సొంత మైదానం లేదు, బేస్‌బాల్ వాళ్ళది అరువు తెచ్చుకునేవాళ్ళం. బంతి విసిరేవాడు నిలబడే మట్టిదిబ్బ నట్టనడుమ అలాగే ఉండేది. మిగతా జట్లు దాన్ని తిట్టుకుంటే, మావాళ్ళు దానిమీద కూర్చుని అలుపు తీర్చుకునేవారు. ఆడెల్మో ఎడమ మోకాలు అరిగిపోయింది. ఫ్రీకిక్‌లో నిలిపి పెట్టిన బంతిని కొట్టే ముందు ఆ కాలిని నేలమీద ఈడ్చుకుంటూ వచ్చేవాడు. స్కాట్లండ్ నుంచి వచ్చిన మర్డో బంతిని అందించే ముందు నడుం మీద చెయ్యేసుకుని "అమ్మమ్మమ్మా" అని మూలిగేవాడు. ఆ తర్వాత బంతి సూదిమొనంత చోట సరిగ్గా వెళ్ళి వాలేది. ఆ చోటికి మావాడెవడూ చేరకపోవడం వేరే సంగతి. హంగరీ గోల్‌కీపర్ లాయోష్ అయితే అసలు దూకేవాడే కాదు. బంతి పక్కనుంచి లోపలికి పోతుంటే తల తిప్పి చూసి, "భలే కొట్టాడయ్యా!" అని మెచ్చుకునేవాడు.

"దూకొచ్చుగా?" అని అడిగాను ఒకసారి.

"దూకుతాను. మళ్ళీ లేపడానికి నువ్వొస్తావా, మీ అమ్మొస్తుందా?"

మొదట్లో విగ్రహం ఉన్న మనిషిని చూద్దామని జనం విరగబడ్డారు. తర్వాత విగ్రహానికీ మనిషికీ కదలికలో పెద్ద తేడా లేదని గ్రహించి ఇంటి దగ్గరే ఉండిపోయారు. అప్పుడు కపుస్తా ఏటా ఆడెల్మోకి వీడ్కోలు ఆట పెట్టడం మొదలెట్టాడు. ఆడెల్మో ఏటా కన్నీళ్ళతో చెయ్యి ఊపేవాడు, మరుసటి ఏడు మళ్ళీ దిగేవాడు. పత్రికవాడు ఉండబట్టలేక రాసేశాడు: కపుస్తా సాకర్‌ని పెంచడం లేదు, వృద్ధాశ్రమం నడుపుతున్నాడు అని. నాకు ఆ మాట ముద్దొచ్చింది. కత్తిరించి మంచుపెట్టె మీద అతికించుకున్నాను.

అలా నెట్టుకొస్తూ ఉండగా ఒక వేసవిలో కొంప మునిగింది. లీగ్ పెద్దలు హేవర్‌స్టాక్ అనే మనిషిని పంపారు. బూట్లు కూడా ఇస్త్రీ చేయించుకున్నాడేమో అనిపించే మనిషి. వచ్చీ రాగానే కూర్చోకుండా చెప్పేశాడు.

"అమెరికాలో సాకర్ పెరగాలంటే ముసలి పరదేశుల్ని మోసుకురావడం కాదండీ, మన పిల్లలు ఆడాలి. సీజన్ చివరి ఆటలో మీ జట్టులో ఆరుగురు ఈ ఊరివాళ్ళు ఉండాలి. లేకపోతే మీ జట్టు లీగ్‌లో ఉండదు."

"ఆరుగురు చాలా?" అన్నాడు కపుస్తా, కూరగాయల బేరంలో లాగ.

హేవర్‌స్టాక్ పోగానే నేను కపుస్తా మీద విరుచుకుపడ్డాను. ఎంత విసుక్కున్నా ఆ జట్టు నా అన్నం. ఆ ముసలాళ్ళ మోకాళ్ళు నా సొంత పిల్లల్లా అయిపోయాయి.

"ఆరుగుర్ని ఎక్కణ్ణించి తెస్తారు? ఇన్నేళ్ళలో ఊరివాడు ఒక్కణ్ణన్నా చేర్చుకున్నారా?"

"చేర్చుకోలేదు. పెడితే బంతి ముసలాళ్ళకి దక్కనిచ్చేవాళ్ళా?"

"మరిప్పుడు?"

"లారీ ఉందిగా," అని తాళాలు తీసుకుని వెళ్ళాడు.

ఆట రోజున ఆ లారీలోంచి, రెండు బల్లల మధ్య నుంచి, ఆరుగురు కుర్రాళ్ళు దిగారు. ఆడెల్మో ఉండే వీధిలోని డెనీ ఫుస్కో, లాయోష్ ఇంటి యజమాని కొడుకు రాయ్, మర్డో వీధివాళ్ళు, ఇంకా అలాంటివాళ్ళే. ముక్కు చీదుకుంటూ తిరిగినప్పటి నుంచి నేనెరిగినవాళ్ళు. లాయోష్‌నీ ఆడెల్మోనీ మరో నలుగుర్నీ బెంచీ మీద కూర్చోబెట్టి వీళ్ళని దింపారు. ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతి తప్ప మరొకటి తెలియని ఊరు మాది, వీళ్ళేం ఆడతారని నేను కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి డెనీ ఎడమ కాలు ఈడుస్తున్నాడు. మంచు సంచీ పట్టుకుని ఒక్క పరుగు తీశాను.

"కాలికేమైందిరా?"

"ఏం కాలేదండీ."

"మరెందుకు ఈడుస్తున్నావు?"

"ఫ్రీకిక్ కదండీ! ఇలాగే కదా కొట్టాలి?"

కొట్టాడు. బంతి గోల్ పై మూలలో, సాలెగూడు ఉండే చోట దూరింది. నా చేతిలో మంచు నా పాదం మీద పడింది.

ఇక అక్కణ్ణించి చూడాలి. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు నడుం మీద చేతులేసుకుని "అమ్మమ్మమ్మా" అని మూలుగుతున్నారు, వెంటనే బంతి సూదిమొనంత చోట వాలుతోంది, ఈసారి అక్కడ మనిషి ఉంటున్నాడు. అలుపు లేకపోయినా వంతులవారీగా వెళ్ళి దిబ్బ మీద కూర్చుని వస్తున్నారు. అది కూడా ఆటలో భాగమనుకున్నారు. గోల్ దగ్గర రాయ్ పులిలా దూకి రెండు బంతులు పట్టాడు, మూడోది మాత్రం తల తిప్పి చూస్తూ "భలే కొట్టాడయ్యా!" అని వదిలేశాడు. బెంచీ మీద లాయోష్ గర్వంతో కళ్ళు తుడుచుకున్నాడు.

సగం ఆట అయ్యాక హేవర్‌స్టాక్ మైదానంలోకి ఉరికాడు.

"ఇంత మోసమా! ఊరి పిల్లలని చెప్పి, ముసలి పరదేశులకే జుట్టుకి రంగేసి దింపుతారా? వీడిది పాతికేళ్ళ నాటి మోకాలి నొప్పి! వీడు రిఫరీని పోర్చుగీసులో తిట్టాడు, నేను విన్నాను!"

అంతే, జనం కూర్చునే మెట్ల మీద నుంచి డెనీ తల్లి దిగింది. చేతిలో పెప్పరోని మాంసం కూరిన రొట్టె ఉండల పళ్ళెం.

"ఎవర్రా నా కొడుకుని పరదేశి అన్నది? వాడు పుట్టిన రోజు ఈ ఊళ్ళో నడుం లోతు మంచు. మంచు తోసే బండిలో ఆస్పత్రికి పోయాను! నువ్వెక్కడున్నావప్పుడు?"

"అమ్మా, మరి కుంటుతున్నాడు కదమ్మా!"

"ఒరే డెనీ, సరిగ్గా నడిచి చూపించు ఆయనకి."

డెనీ మైదానం చుట్టూ లేడిపిల్లలా పరిగెత్తి, దారిలో దిబ్బని ఒక్క గంతులో దాటి వచ్చాడు.

"ఇంత బాగా పరిగెత్తేవాడివి మరి ఎందుకు కుంటావు?" అన్నాడు హేవర్‌స్టాక్ నీరసంగా.

"కుంటకపోతే బంతి మాట వినదండీ."

"ఎవరు నేర్పారిది?"

ఆరుగురూ బెంచీ వైపు చెయ్యి చూపించారు. "మా వీధి వరండాలోనండీ," అన్నాడు రాయ్. "వీళ్ళు కుర్చీల్లో ఊగుతూ తిడుతుంటే మేం వీధిలో ఆడేవాళ్ళం. పగలంతా అక్కడే ఉంటారు కదా, వేరే పనేముంది?"

నేను కపుస్తా వైపు తిరిగాను. ఆయన రొట్టె ఉండ నోట్లో కుక్కుకుని ఆకాశం చూస్తున్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అందుకా కుర్చీలు వీధి వైపు?" అన్నాను.

"కుర్చీ లోపల పెడితే మనిషీ లోపలే ఉంటాడు ఇర్మా. భాష రాదు, ఊరు తెలీదు, ఆట అయిపోవస్తోంది. గోడ చూస్తూ కూర్చుంటే ఏమైపోతాడు? బయటుంటే ఎవడో పిల్లాడు బంతి పట్టుకురాడూ?"

"మరి ముసలాళ్ళే ఎందుకు?"

"కుర్రాణ్ణి కూర్చోబెట్టి చూడు, కూర్చుంటాడేమో!"

నాకు ఆ పూట ఆయన్ని ఒక్క మాట అనబుద్ధి కాలేదు. ఎంతో ముద్దొచ్చాడు. మంచుపెట్టె మీది పత్రిక ముక్క మాత్రం ఎవరూ చూడకుండా పీకేశాను.

ఆట సమానంగా ముగిసింది, జట్టు మిగిలింది. తర్వాత కొన్నాళ్ళకి లీగే మూతపడింది కానీ ఆ పాపం మాది కాదు. పరాయి దేశాల ముసలి మహానుభావుల్ని తెస్తే అమెరికాలో సాకర్ పెరుగుతుందా అని ఇప్పటికీ బార్లలో వాదించుకుంటారు. దేశం సంగతి నాకు తెలియదు. మా ఊళ్ళో పెరిగింది, కొంచెం కుంటుతూ.

నేను పని మానేసిన మర్నాడు మా ఇంటి ముందు ఆ లారీ ఆగింది. కుర్చీ దిగింది.

"నేనేం ముసలిదాన్ననుకున్నారా?" అని గేటు దగ్గరే అడ్డం నిలబడ్డాను.

"ముందు వరండాలో పెట్టు. వీధి వైపు," అని కపుస్తా లారీ ఎక్కేశాడు.

పౌరుషానికి వెనక గదిలో పెట్టాను. గోడ చూసి చూసి విసుగొచ్చి, నేనే ముందుకి ఈడ్చుకొచ్చాను. ఆ సాయంత్రం వీధి చివరి పిల్ల బంతి చంకలో పెట్టుకుని మెట్లెక్కింది.

"ఆంటీ, నా కాలు చూడాలిట. కపుస్తా తాత వెళ్ళమన్నారు."

అటూ ఇటూ తిప్పి చూశాను. కాలు బంగారంలా ఉంది.

"దీనికి నొప్పేం లేదు కదే?"

"లేదాంటీ. కుంటడమే సరిగ్గా రావట్లేదు. ఆడెల్మో గారి మోకాలు మీకు బాగా తెలుసంట కదా!"

నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కుర్చీలోంచి లేచి, బంతి ముందు పెట్టుకుని, వీధిలో చేసి చూపించాను. ఈడ్చాల్సింది ఎడమ కాలు. ఆ పిల్ల ఇన్నాళ్ళూ కుడికాలు ఈడుస్తోంది.