డీజిల్ ట్యాంకు మూత

మా ఆయనకు కారు కొనాలన్న బుద్ధి ఎప్పుడు పుట్టిందో తెలియదు గానీ, పుట్టాక దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. అప్పటిదాకా పర్చూరు దగ్గర పత్తి మిల్లులో కాటా గుమాస్తాగా ఉండేవారు. మిల్లు మూతపడ్డాక రెండు నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. మూడో నెలలో గుంటూరు వెళ్ళి, ఎవరో వాడి వాడి వదిలేసిన తెల్ల డీజిల్ కారొకటి నడిపించుకుంటూ వచ్చి వాకిట్లో నిలబెట్టారు. పెళ్ళిళ్ళకూ, ఆస్పత్రులకూ, మిర్చి యార్డుకూ బాడుగకు తిప్పుతానన్నారు. ఇంజను గురించి అప్పటికి ఆయనకు తెలిసిందల్లా అది బానెట్ కింద ఉంటుందని.

ఆ కారుకు రాని రోగం లేదు. చలికాలం పొద్దున్నే స్టార్టయ్యేది కాదు. డీజిల్ బండికి హీటర్ ప్లగ్గులుంటాయి, తాళం సగం తిప్పి అవి వేడెక్కేదాకా ఆగాలి. ఆగడమన్నది మా ఆయన జాతకంలోనే లేదు. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దింపేసేవారు. అప్పుడు నేను వెనకనుంచి తోసేదాన్ని. మూడేళ్ళ మా పాప కూడా బంపరు మీద రెండు చేతులూ పెట్టి మూలిగేది. మా వైపు బోరు నీళ్ళు ఉప్పన. అవే పోసి పోసి రేడియేటర్ లోపల తెల్లగా గార కట్టింది. పత్తి లారీ వెనకాల పది మైళ్ళు వెళితే చాలు, రేడియేటర్ ముందు జల్లెడకు దూది పట్టేసి ఇంజను కాగిపోయేది. ఒకసారి నా పాత దువ్వెనతో ఆ దూదిని దువ్వి తీశాను. దువ్వెన పోయింది గానీ ఇంజను చల్లబడింది.

ఈ రోగాలన్నిటికీ మాకు దిక్కు చీరాల రోడ్డులో రేకుల షెడ్డు ఉన్న మెకానిక్. సాయిబుగారు. ఊళ్ళో సగం మంది ఆయన్ని బాబాయ్ అనేవారు, నేనూ అంతే. బాబాయ్ కారు దగ్గరికి రాగానే బానెట్ ఎత్తడు. ముందు వెనక్కి వెళ్ళి పొగ చూస్తాడు. నల్ల పొగైతే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పోతోంది. నీలం పొగైతే ఇంజనాయిల్ కాలిపోతోంది. తెల్ల పొగ చలిలో కాసేపు వస్తే కంగారు లేదు, ఇంజను వేడెక్కాక కూడా ఆగకపోతే మాత్రం భయపడాలి. ఇదంతా చూశాక చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు.

"దీని మీద చివరగా చెయ్యెవరు పెట్టారు? ఏం చేశారు?"

ఆ ప్రశ్నకు మగవాళ్ళు ఒక పట్టాన నిజం చెప్పరు. నేలచూపులు చూస్తారు, దగ్గుతారు. బాబాయ్ వదిలేవాడు కాదు. ఒకసారి నాతో అన్నాడు, "అమ్మాయ్, బండి దానంతటది చెడిపోయేది తక్కువే. సగం రోగాలు మనం బాగుచేశామనుకున్న చోటే ఉంటాయి. అందుకే ముందు అక్కడ చూస్తా."

నేను ఆ షెడ్డులో పాత టైరు మీద కూర్చుని టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుకునేదాన్ని. బండి తయారయ్యేదాకా ఇంటికి వెళ్ళడానికి ఉండదు మరి. పుస్తకం ఒళ్ళో, చెవులు ఇంజను దగ్గర. అంతకు ముందు రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాను. మూడోసారి కూడా పోతే ఇంక పుస్తకాలు అటకెక్కించి మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతానని అందరికీ చెప్పేశాను.

ఆ కారుతో నాకు అసలు పేచీ రోగాల గురించి కాదు, వాసన గురించి. ట్యాంకు మూతలో రబ్బరు ఎండి బీటలు వారింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మలుపు తిరిగితే డీజిల్ చింది, ఆ వాసన వెనక సీట్లోకి వచ్చేది. చీరకు పట్టిందంటే రెండు ఉతుకులకు గానీ వదలదు. మూడోసారి పరీక్ష రాసిన రోజు నా పక్క బెంచీ ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏమ్మా, కిరసనాయిలు ఒలకబోసుకున్నావా?" అని అందరికీ వినపడేలా అడిగింది. తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే ఆయన మీద విరుచుకుపడ్డాను. మీ కారూ వద్దు, దాని కంపూ వద్దు, ఇంక చచ్చినా దాన్ని ఎక్కనన్నాను. ఆయన తల గోక్కుంటూ కారు వైపు చూశారు. ఆ చూపు మంచిది కాదని నాకు అప్పుడు తోచలేదు.

ఆ పరీక్షలోనే ఉద్యోగం వచ్చింది.

కాల్‌లెటరు పట్టుకుని నేను ఏడిస్తే, నన్ను చూసి పాప ఏడ్చింది. అయితే ఉద్యోగం రావడం ఒక ఎత్తు, ఏ ఊళ్ళో వస్తుందన్నది ఇంకో ఎత్తు. ఒంగోలులో కౌన్సెలింగ్. పది గంటలకు మొదలవుతుంది. ర్యాంకు వరసలో పిలుస్తారు, పిలిచినప్పుడు లేచి మిగిలిన ఊళ్ళలో ఒకటి కోరుకోవాలి. పిలిచినప్పుడు మనిషి లేకపోతే అందరూ కోరుకున్నాక మిగిలిందే గతి. చివరికి మిగిలేవి ఎప్పుడూ మార్కాపురం అవతల కొండల వైపు ఊళ్ళేనని ముందే వెళ్ళినవాళ్ళు చెప్పారు. అక్కడ పడితే నేనూ పాపా ఒకచోట, బాడుగల కోసం ఆయన పర్చూరులో ఒకచోట. నెలకోసారి చుట్టాల్లా కలుసుకోవడం. నా కళ్ళ ముందు ఉన్నదల్లా మా ఊరి పక్కనే బస్సు రోడ్డు మీదున్న స్కూలు. దాని పేరు రోజూ మనసులో అనుకుంటూనే ఉన్నాను.

బస్సులో పోతానంటే ఆయన ఒప్పుకోలేదు. "మన కారుండగా బస్సేంటే? ఇంటి ముందు ఎక్కి ఆఫీసు ముందు దిగు. ఈసారి వాసన కూడా రాదు, చూడు" అన్నారు. చచ్చినా ఎక్కనన్నదాన్ని ఎక్కాను. పాపను పక్కింట్లో వదిలి ఏడు గంటలకు బయల్దేరాం. బంకులో ట్యాంకు నిండా కొట్టించారు. నిజంగానే వాసన రాలేదు. రోడ్డుకు రెండు పక్కలా పత్తి విచ్చి ఉంది, మిరప చేలల్లో అప్పుడే ఎరుపు దిగుతోంది. అద్దం దించి కూర్చున్నాను. చాలాకాలానికి ఆ కారు మీద నాకు కాస్త ప్రేమ కలిగింది.

ఇంకొల్లు దాటాక అది ఆగిపోయింది.

ముందు నీరసంగా లాగింది, నాలుగు కుదుపులు కుదిపింది, ఆగింది. ఆయన దిగి బానెట్ ఎత్తి, "ఎయిర్ పట్టిందిలే" అన్నారు. డీజిల్ గొట్టంలోకి గాలి జొరబడితే ఇంజనుకు డీజిల్ అందదు. ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, చేతిపంపు నొక్కుతూ పోతే ముందు నురగ వస్తుంది, అది పోయి అచ్చంగా డీజిల్ వచ్చాక బోల్టు బిగించాలి. ఈ రెండేళ్ళలో ఆయన అంతవరకూ నేర్చుకున్నారు. చేశారు. స్టార్టయింది. ఇద్దరం నవ్వుకున్నాం.

కొంత దూరం పోయి మళ్ళీ ఆగింది. అదే నీరసం, అవే కుదుపులు. ఈసారి ఫిల్టరులో చెత్త పట్టిందన్నారు. డిక్కీలో ఉన్న కొత్త ఫిల్టరు వేశారు. మళ్ళీ పంపు నొక్కారు. ఈలోగా ఒంగోలు బస్సు వస్తే రోడ్డు మధ్యకు వెళ్ళి చెయ్యెత్తాను. ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతున్నారు, ఆపలేదు. అప్పుడు చెడామడా తిట్టాను. ఆయన్ని, కారును, మూతపడ్డ మిల్లును. ఆయన పంపు నొక్కుతూనే ఉన్నారు. స్టార్టయింది.

మూడోసారి నాగులుప్పలపాడు దాటాక ఆగింది. తొమ్మిదిన్నర దాటింది. ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని, "ఏమైందో నాకు తెలీట్లేదే" అన్నారు. ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నేను మూడుసార్లు రాసిన పరీక్ష, పాప బంపరును తోసిన పొద్దులు, అన్నీ ఆ రోడ్డు పక్కన ఆగిపోయినట్టనిపించింది. అంతలో బాబాయ్ గుర్తొచ్చాడు.

"దీని మీద చివరగా చెయ్యెవరు పెట్టారండీ?" అన్నాను.

"ఎవరు పెడతారు? బాబాయే. పదిహేను రోజులైంది."

"ఆ తరవాత?"

"ఎవరూ లేరు."

"మీరు?"

"నేనేం చేస్తానే? నిన్న కడిగాను."

"కడిగి?"

ఆయన నేలచూపులు చూశారు, దగ్గారు. నాకు అర్థమైపోయింది.

"చెప్పండి. ఇప్పుడు సిగ్గుపడే టైము లేదు."

"ట్యాంకు మూత లోపల సైకిల్ ట్యూబు ముక్క కోసి బిళ్ళలాగా అతికించాను. సొల్యూషన్ పెట్టి. చుక్క బయటికి రాదు. నువ్వివాళ అంతమందిలో కూర్చోవాలి కదా, మళ్ళీ ఎవరైనా ఏదైనా అంటారేమోనని."

సైకిల్ ట్యూబు ముక్క. మా పొలాల వైపు ఏది కారినా అదే మందు. ఆయిలింజను గొట్టానికి అదే, కుళాయికి అదే, పురుగుమందు కొట్టే పంపుకూ అదే. పురుగుమందు పంపు అనుకోగానే నాకు మా నాన్న మిరప చేను కళ్ళ ముందుకొచ్చింది. నాన్న వీపున పంపు కట్టుకుని మందు కొడుతుంటే నేను నీళ్ళు మోసేదాన్ని. ఒక్కోసారి ఎంత నొక్కినా మందు పడేది కాదు. "అమ్మాయ్, ముల్లొకటి పట్రా" అని కేకేసేవాడు. పంపు మూతకు చిన్న బెజ్జం ఉంటుంది, దానికి మందుపొడి అడ్డం పడేది. తుమ్మముల్లుతో పొడవగానే లోపలికి గాలి పోయి, మళ్ళీ ధారగా పడేది. లోపలున్నది బయటికి రావాలంటే ఆ ఖాళీలోకి గాలి పోవాలి కదా.

"మూతకు బెజ్జముందా?" అన్నాను.

"ఉండేది. అందులోంచే వాసనొస్తోందని దాన్ని కూడా కలిపి మూసేశా."

బంకు వదిలాక రెండుసార్లు బానెట్ ఎత్తాం గానీ ఒక్కసారి కూడా ట్యాంకు మూత తియ్యలేదు. నిండా కొట్టించిన ట్యాంకులోకి ఎవరు తొంగిచూస్తారు? నేను కారు వెనక్కి పరిగెత్తి మూత పట్టుకుని తిప్పాను. గట్టిగా పట్టేసి ఉంది. రెండు చేతులతో తిప్పేసరికి ట్యాంకు ‘హుస్సు’మని పొడుగ్గా లోపలికి గాలి పీల్చుకుంది. ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

ట్యూబు బిళ్ళ ఒక పట్టాన ఊడి రాలేదు. ఆయన అతికించిందేదీ ఎప్పుడూ గట్టిగా అతుక్కోదు, ఇది మాత్రం అతుక్కుంది. కొంగుకు పెట్టుకున్న పిన్నీసు తీసి దాంతో పెకలించాను. డీజిల్ నా వేళ్ళ మీద, కుచ్చిళ్ళ మీద పడింది. ఆయన "అయ్యో, చీర" అన్నారు. "చీర సంగతి తరవాత, పంపు నొక్కండి" అన్నాను. నురగ పోయింది, బోల్టు బిగించారు, ఇంజను అందుకుంది. అక్కణ్ణించి ఒంగోలు దాకా ఎక్కడా ఆగలేదు. ప్రతి మలుపులోనూ డీజిల్ చిందింది, వాసన గుప్పుమంది, నేను కొంగు అడ్డం పెట్టుకోలేదు.

హాల్లోకి వెళ్ళేసరికి పిలుపులు మొదలై చాలాసేపయింది. నా ముందు నంబరు ఆవిడ లేచి నిలబడి ఉంది. నేను రోజూ మనసులో అనుకున్న ఊరి పేరు ఆవిడ పైకి అంది. వెంటనే నా నంబరు పిలిచారు.

బల్ల దగ్గరికి వెళ్ళాను. గుమాస్తా తలెత్తి చుట్టూ చూసి, "ఏమిటీ వాసన?" అన్నాడు. వెనకనుంచి ఎవరో నవ్వారు.

"డీజిలండి. మా కారుది," అన్నాను.

మిగిలిన ఊళ్ళ జాబితా నా ముందుకు తోశాడు. కొండల వైపు ఊళ్ళే వరసగా ఉన్నాయి. వేలు పెట్టి కిందిదాకా చదివాను. చిట్టచివర ఒక ఊరుంది. మా ఇంటికి పదకొండు కిలోమీటర్లు, నల్లరేగడి మధ్య మట్టిరోడ్డు. అంత దగ్గరి ఊరు అప్పటిదాకా ఎందుకు మిగిలిందో నాకు అర్థం కాలేదు. దాని మీద వేలు పెట్టాను.

"బాగా ఆలోచించుకోమ్మా," అన్నాడు గుమాస్తా, ఈసారి మెత్తగా. "ఆ ఊరికి బస్సు లేదు. అందుకే ఎవరూ తీసుకోలేదు. రోజూ ఎలా వెళ్తావు?"

"మాకు కారుందండి," అన్నాను.

సంతకం పెట్టి బయటికి వస్తే ఆయన కారు పక్కనే నిలబడి ఉన్నారు. ఆ ట్యూబు బిళ్ళ ఇంకా చేతిలోనే ఉంది, నలుపుతున్నారు. నా ముఖంలోకి చూడడానికి భయపడుతున్నారు. వెళ్ళి ఆ బిళ్ళ లాక్కుని పక్క కాలవలోకి విసిరేశాను.

"ఏ ఊరు?" అన్నారు.

చెప్పాను. ఆయనకు వెంటనే నమ్మకం కుదరలేదు. "దానికి బస్సు లేదుగా" అన్నారు.

"లేదు. రేపట్నుంచి మీకు రోజూ ఒక బాడుగ. పొద్దున దింపాలి, సాయంత్రం తేవాలి. ఆ మూత మాత్రం ఇంక ముట్టుకోకండి," అన్నాను. అప్పుడు నవ్వారు. నేను ఈసారి వెనక సీట్లో కూర్చోలేదు, ముందు ఎక్కాను.