ఇంటి సంగతులు అడిగిన పెద్దమనిషి

కిందటి నెల నేనూ నా భార్యా గుట్టకు దర్శనానికి వెళ్లి వస్తూ, ఎండకు తాళలేక, భువనగిరికి వెళ్లే పాత దారిలో ఒక పెద్ద గేటు ముందు కారు ఆపించాము. కాపలా మనిషి బయటికి వచ్చి లోపల ఎవరిని కలవాలని అడిగాడు. ఎవరినీ కాదు నాయనా, కాసిని మంచినీళ్లు కావాలన్నాను. పాపం మంచివాడే, సీసా తెచ్చి గేటు కమ్మీల సందులోంచి అందించాడు గాని గేటు మాత్రం తీయలేదు. నీళ్లు తాగుతూ లోపలికి చూస్తే, వరసగా ఒకే రంగు వేసిన ఇళ్ల వెనక ఒక వేపచెట్టు కనబడింది. అప్పుడు గాని నేను నిలబడింది ఎక్కడో నాకు తెలియలేదు. సీసా మూత బిగించి కాపలా మనిషికి తిరిగి ఇచ్చేశాను.

అది మా కాక చెలక, ఆయన మెట్టపొలం. కాక అంటే సొంత చిన్నాయన కాదు, మా ఊళ్లో గొర్రెలు కాచుకొని బతికిన మనిషి. కులం వేరైనా వరుస కలుపుకొని పిలుచుకోవడం మన తరం వాళ్లకు కొత్త కాదు గదా. చిన్నప్పుడు నాకు ఈత నేర్పింది ఆయనే, ఆ చెలకలో వేపచెట్టు పక్కనున్న బావిలోనే.

తెలంగాణ వచ్చిన కొత్తలో గుట్ట చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చాయి. అంతకుముందు నాకు ఎరువుల దుకాణం ఉండేది. ఎరువులు కొనే రైతులే చెలకలు అమ్ముకోవడం మొదలుపెట్టాక దుకాణం మూసి, నేనూ ఆ బేరాలలోకే దిగాను. మాటకారినని, ఊరూరా పరిచయాలున్నవాడినని పేరుండేది. ఎన్ని రకాల మనుషులు వచ్చేవారో! రిటైరైన లెక్చరర్ దంపతులు ఇంటి నుంచి టిఫిను కట్టుకొని వచ్చి, పొలం గట్టు మీద తిని, మట్టి వాసన చూసి, ఎంతో సంబరపడి వెళ్లి, ఏడాది పొడుగునా ఏమీ కొనలేదు. ఒకాయన కారు దిగేవాడే కాదు, అద్దం జానెడు దించి, రోడ్డు ఎంత వెడల్పని మాత్రం అడిగేవాడు. ఇంకొకాయన వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త వాస్తు పండితుణ్ణి వెంటబెట్టుకొచ్చేవాడు, ఈ పండితుడు బాగుందన్న మూల ఆ పండితుడికి పనికొచ్చేది కాదు. వీళ్లందరితో విసిగిపోయేవాణ్ణి గాని, ఇప్పుడు తలచుకుంటే వాళ్ల మీద నాకు ప్రేమే కలుగుతుంది. వాళ్లకు కావలసింది భూమి, వాళ్లు భూమి గురించే అడిగేవారు.

ఒక పెద్దమనిషి మాత్రం అలా కాదు. యాభై దాటిన వయసు, ఇస్త్రీ చెడని తెల్లచొక్కా, పక్కవాడికి కూడా వినబడనంత మెత్తటి గొంతు. బేరమాడడు, తొందరపడడు. ఎక్కడికి తీసుకెళ్లినా పొలం వైపు ఒకసారి చూసి, హోటలు బల్ల మీద కూర్చుని చాయ్ చెప్పేవాడు. ఇక మాటలు మొదలు. ఈ పొలం ఎవరిది, అన్నదమ్ములెందరు, కలిసి ఉంటున్నారా, ఎవరికి తాగుడుంది, ఏ ఇంట్లో ఎవరికి దవాఖాన ఖర్చులున్నాయి. అంత శ్రద్ధగా నా మాటలు విన్నవాళ్లు నా జన్మలో లేరు. నా భార్య మోకాళ్ల నొప్పి గురించి ఒక్కసారి చెబితే, మళ్లీ వచ్చినప్పుడు గుట్ట ప్రసాదంతో పాటు ఏదో తైలం కూడా తెచ్చాడు. నేను ఉబ్బిపోయాను. నా భార్య మాత్రం ఆ సీసా మూత కూడా తీయలేదు.

"ఇన్ని దినాలకెల్లి వస్తున్నడు, జాగ గురించి ఒక్క మాటన్న అడిగిండా? మందిని గురించే అడుగుతున్నడు. నాకైతే భయమైతాంది" అన్నది. ఆడవాళ్ల అనుమానమని నవ్వేశాను.

ఒకనాడు కాక చెలక గురించి అడిగాడు. ఆయన అమ్మడని చెప్పాను, అంతటితో ఊరుకుంటే పోయేది. నోరు ఊరుకోలేదు. కాకకు ఒక తమ్ముడున్నాడని, ఇరవై ఏళ్ల కింద భీవండికి పోయి మగ్గాల మీద బతుకుతున్నాడని, కాగితాల ప్రకారం రోడ్డు పక్క ముక్కా బావీ ఆ తమ్ముడి పేరు మీదే ఉన్నాయని, హద్దులు పెట్టుకోకుండా అంతా అన్నే సాగు చేసుకుంటున్నాడని చెప్పాను. మరి తమ్ముడు రాడా అన్నాడు మెల్లగా. వాళ్ల తల్లి పోయినప్పుడు కబురు ఆలస్యంగా అందిందని, అతను వచ్చేసరికి దహనం అయిపోయిందని, తల్లి ముఖం చూడనివ్వలేదని అలిగి పోయినవాడు మళ్లీ ఊరి గడప తొక్కలేదని, అదీ చెప్పేశాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "అయ్యో" అన్నాడు. ఆ తర్వాత నెలన్నర కనబడలేదు.

మళ్లీ కనబడింది ఆయన కాదు, కంచెకు పాతే కడీలు. ఒకనాడు పొద్దున్నే కాక మా వాకిట్లోకి వచ్చాడు. చెప్పులు లేవు. "బిడ్డా, జర వచ్చి చూడు. బాయి చుట్టు కడీలు పాతుతున్నరు. ఎవలని అడిగితె మాది అంటున్నరు" అన్నాడు. వెళ్లేసరికి రాతి కడీల మధ్య ముళ్లతీగ లాగుతున్నారు. గొర్రెలు ఆ తీగకు మూతులు ఆనించి, అవతల ఉన్న నీళ్లతొట్టి వైపు చూస్తూ అరవకుండా నిలబడ్డాయి. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తే. వేపచెట్టు కింద కుర్చీలో ఆ తెల్లచొక్కా ఉంది.

నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. తమ్ముడి దగ్గర కొన్నానని, భీవండి వెళ్లి నాలుగు రోజులు అతనితోనే ఉన్నానని చెప్పాడు. "పాపం, చాలా ఏడ్చాడండీ. కన్నతల్లి ముఖం చూడనివ్వకపోతే ఎవరికైనా కడుపు మండదా?" అన్నాడు. నా మాటలే, నా గొంతు కంటే మెత్తగా. తర్వాత కాక వైపు చూసి, "పెద్దాయనకు తొందరేమీ లేదు. నేను ఆగుతాను" అన్నాడు.

నిజంగానే ఆగాడు. ఒక్కనాడూ గట్టిగా మాట్లాడలేదు, ఎవరినీ పంపలేదు. దారి ఆయనది, నీళ్లు ఆయనవి, ఆగడానికి ఆయనకేం కష్టం? ఆ ఎండాకాలం కాక గొర్రెలను చుట్టూ తిప్పి రెండు మైళ్లు నడిపించి కుంట దగ్గర నీళ్లు తాగించాడు. కుంట ఎండింది. గొర్రెలు ఒకటీ రెండుగా అంగడికి పోయాయి. వానలు పడకముందే కాక ఒప్పుకున్నాడు.

రిజిస్ట్రేషనుకు తోడు రమ్మని నన్నే పిలిచాడు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తుంటే, నా ముఖం చూడకుండా అడిగాడు.

"బిడ్డా, మా తమ్ముని సంగతి గాయనకు చెప్పింది నువ్వేనా?"

"నేను గాదు కాక" అన్నాను.

ఆయన తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. చివరికి నా భుజం మీద చెయ్యేసి లేస్తూ, "నువ్వు గాదన్నవు. గంతే సాలు" అన్నాడు. లోపల ఆయన వేలిముద్ర పక్కన సాక్షి సంతకం పెట్టింది నేనే.

కాక కూతురింటికి వెళ్లిపోయాడు, రెండేళ్లకు అక్కడే పోయాడు. నేను నమ్మించిన అబద్ధంతోనే పోయాడో, అంతా తెలిసే నన్ను వదిలేశాడో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. ఆ ఏడే నేను ఆ పని మానేశాను. ఆ పెద్దమనిషి ఇంకో మండలంలో ఇంకెవరితోనో చాయ్ తాగుతున్నాడని విన్నాను.

మన రోజుల్లో బస్సులో పక్క సీటు మనిషి ఏ ఊరు, ఎవరి బిడ్డవు, అన్నదమ్ములెందరు అని అడగకపోతే వాడికి పొగరనుకునేవాళ్లం. ఒకరి ఇంటి సంగతులు ఒకరికి తెలియడమే ఆప్యాయత. ఇప్పుడు అడిగేవాళ్లే తగ్గిపోయారు, అడిగినా చెప్పే నోరు నాకు లేదు. మొన్న మా వీధిలోకి కొత్తగా వచ్చిన ఒకావిడ గడప దగ్గర నిలబడి, మీకు అన్నదమ్ములెందరండీ, ఎప్పుడూ ఎవరూ కనబడరేం అని అడిగింది. నేను వినబడనట్టు లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆవిడ చేతిలో మాకోసం ఉడికించి తెచ్చిన అనపకాయల గిన్నె ఉందని నా భార్య తర్వాత చెప్పింది.