ఒడ్డు చేరని పిల్ల

సినిమా సెకండ్ పార్టు కోసమే నేను క్లైమాక్సు దాచుకున్నానని టెక్కలి నుంచి మందస దాకా మావాళ్ళంతా చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. దాచుకోవడానికి నా దగ్గర ఉంటే కదా!

మొన్న కాశీబుగ్గలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర బావ, అంటే మా మేనత్త కొడుకు, నా పక్కనే కూర్చుని పప్పన్నం కలుపుకుంటూ అందుకున్నాడు.

"ఏటే, మా యమ్మ కతని అయిదరాబాదులో ఇనిపించీసి, సివరిది నొక్కీసినావట?"

నేనూరుకుంటానా! "మీ యమ్మ కతే కదా బావా, సివరికేటయిందో నువ్వే సెప్పు. రేపే రాసి పంపీత్తాను" అన్నాను. బావ పెరుగు తెమ్మని ఎవరినో కేకేశాడు.

బావకి మాత్రం ఎలా తెలుస్తుంది? ఆ కథ చివర ఎవరమూ వినలేదు. మా మగవాళ్ళు తెల్లారకుండానే తెప్పలేసుకుని వేటకి పోతే, ఇసకలో చేపలు ఎండబెడుతూ, కాకుల్ని తోలుతూ, చుట్టూ చేరిన పిల్లలందరికీ అత్త కథ చెప్పేది. సముద్రం అడుగున ఉండే నిద్రపట్టని ముసలమ్మ ఒకతె మా ఊరి నిద్రంతా గవ్వల్లో మూటగట్టుకుపోతే, దాన్ని తేవడానికి ఒక పిల్ల తాబేలెక్కి బయల్దేరింది. దారిలో రోజుకొక కొత్త చిక్కు. వలలన్నీ తప్పుగా అల్లే పీత ఒకనాడు, తగువు లేనిదే దారివ్వని చేప ఇంకొకనాడు. ఆ చేప మాటతీరు అచ్చం నాలాగే ఉండేదని పిల్లలంతా నన్ను ఏడిపించేవారు.

అయితే మా ఆడవాళ్ళకొక కట్టడి ఉండేది. తెప్పలు నీళ్ళ మీద ఉండగా కథలో వాళ్ళని ఇంటికి చేర్చకూడదు. ముందు మనవాళ్ళు రావాలి, తర్వాతే కథలో వాళ్ళు. తీరా తెప్పలు కనబడితే అత్త గంపందుకుని పరుగు తీసేది, కథ మర్నాటికి వాయిదా. వేట లేని ముసురు పూటల్లో మాత్రం, మగవాళ్ళంతా ఇంట్లో ఉన్నారని చూసుకుని, మిగిలిపోయిన ముగింపులన్నీ తీరిగ్గా చెప్పేది. ఈ పిల్ల కథకి ఆ ముసురు పూట రాలేదు. పిల్ల గవ్వల మూటతో వెనక్కి తిరిగిన రోజున అందరి తెప్పలూ వచ్చాయి, మావయ్యది రాలేదు.

తర్వాత అత్త కొడుకుని తీసుకుని పలాస వచ్చేసి జీడిపప్పు బట్టీలో పనికి కుదిరింది. డిగ్రీకి నేను ఆవిడ దగ్గరే ఉన్నాను. సాయంత్రం కాలేజీ నుంచి బట్టీకి వెళ్ళి, పప్పు మీద పొట్టు గీకుతున్న ఆవిడ పక్కన కూలబడి, ఆ పిల్ల ఏమైందని అడిగేదాన్ని. తల ఎత్తకుండానే "మీ మావని రానీయే ముందర" అనేది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే గొంతు. ఆ మాట అంటూనే పోయింది.

ఈ వయసులో సినిమా కథలు పట్టుకుని తిరుగుతున్నానని నవ్వేవాళ్ళకి కొదవ లేదు. పిల్లాపాపలతో చూసే మాయల కథలు ఎవరిక్కావాలమ్మా అని హైదరాబాదులో ఒక్కో సినిమా ఆఫీసూ నన్ను పంపించేసింది. చివరికొక నిర్మాత కూర్చుని విన్నాడు. తాబేలు మీంచి పిల్లకి ఊరి దీపాలు కనబడేదాకా చెప్పి ఆగాను. ముగింపు ఎన్ని రకాలుగా రాసి చూసినా ఏదీ అత్తది కాదని తెలిసిపోయేది, అందుకని ఆగాను. ఆయనేమో చప్పట్లు కొట్టి, సీక్వెల్‌కి లీడ్ అదిరిందన్నాడు! ఆ ముక్కే మా ఊరిదాకా పాకింది. ఇప్పుడు మళ్ళీ మనసు మార్చుకుని, పిల్ల ఇల్లు చేరితేనే ఈ సినిమా, లేకపోతే లేదంటున్నాడు.

పెళ్ళిలో చేతులు కడుక్కునే చోట బావ నా వైపు చూడకుండా అన్నాడు: "సేర్సీయే ఆ పిల్లని. ఇంకెవులి కోసం ఆపుతావు?"

ప్రతి మాటకీ ఎదురు చెప్పే నేను ఈసారి బావ మాట విన్నాను. ఇంటికొచ్చి రాశాను. పిల్ల ఒడ్డు చేరింది, గవ్వలు విప్పింది, ఊరంతా నిద్రపోయింది. బాగానే ఉంది. ఇంకా పంపలేదు.

ఇప్పుడు మా తీరాన ఇంజను బోట్లు, చేతిలో ఫోన్లు. మొగుడు ఏ నీళ్ళ మీద ఉన్నాడో ఇంటిది పొయ్యి దగ్గర నుంచే కనుక్కుంటుంది. మంచిదే, ఆ గుండెకోత ఎవరికీ వద్దు. కానీ సముద్రం కేసి చూస్తూ, కథని సాగదీస్తూ, ఇసకలో అందరం కలిసి ఎదురుచూసిన ఆ పొద్దుల కోసం నా ప్రాణం లాగుతుంది. ఒక్క పూట ఆవిడ పక్కన కూర్చోనిస్తే, ఈసారి కథ చెప్పమని వేధించను, ఇది మాత్రం అడుగుతాను: అత్తా, ముగింపు నీకు తెలిసే మావయ్య కోసం అట్టే పెట్టుకున్నావా, లేక ఆ పిల్లని ఒడ్డుకి ఎలా చేర్చాలో నీకూ తెలీదా?