పేరు కిందే మిర్చి కల్లం

నందిగామ బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దావిడను ఎక్కడో చూసినట్టనిపించింది. సీరియళ్లలో చిన్న చిన్న వేషాలు వేసే మనిషి. నా ల్యాప్‌టాప్ చూసి, "బాబూ, నా వివరాలు కాస్త టైపు చేసి పెడతావా? జమీందారమ్మ వేషానికి ఇవాళే పంపాలంట" అంది.

పేరు, వయసు, ఎత్తు, వేసిన వేషాలు వరుసగా కొట్టాను. నటనకు ముందు ఏం చేశారని అడిగాను.

"జగ్గయ్యపేట కల్లాల్లో పన్నెండేళ్లు మిర్చి తొడాలు తీశా."

"వ్యవసాయ ఉత్పత్తుల నాణ్యతా విభాగం" అని కొట్టి చదివి వినిపించాను.

"ఏం, నేనేమన్నా దొంగతనం చేశానా? వేషాలు ఇప్పించే మా మేనేజరూ ఇంతే. నాటకాల్లో చేశానని రాయమన్నాడు. కూలిదని తెలిస్తే ఈ వేషం ఇవ్వరంట."

"నిజంగానే పోతుందేమోనండి."

"పోతే పోనీ. జమీందారమ్మ నడక నాకెవరు నేర్పారనుకున్నావు? మమ్మల్ని ఎండలో కూర్చోబెట్టి, తను గొడుగు కింద అటూ ఇటూ నడుస్తూ తిట్టేది, ఆ కల్లం ఆసామి భార్య. పన్నెండేళ్లు చూశా. ఉన్నదున్నట్టు రాయి. అడుగున కాదు, పేరు కిందే రాయి."

రాశాను. ఆవిడ ఒకటికి రెండుసార్లు చదువుకుని, తనే బటన్ నొక్కి పంపింది. తర్వాత లేచి, కొంగు సర్దుకుని, ఎవరినీ చూడకుండా విజయవాడ బస్సు వైపు నడిచింది. తలుపు దగ్గర తోసుకుంటున్న జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు.

ఆ వేషం ఆవిడకు వచ్చిందో లేదో తెలియదు. ఆ సాయంత్రం నా బయోడేటా తెరిచి, డిప్లొమా తర్వాత ఖాళీగా వదిలేసిన ఏడాదికి ఎదురుగా "గరికపాడు దాబాలో సప్లయర్" అని రాశాను.