ఫారంలో లేని గెడ్డ

మూడు రోజులుగా ముసురు. వాయుగుండం ఒడ్డు దాటిందని టీవీ వాళ్లు, ఇంకా దాటలేదని ఫోనులో మెసేజీలు. ఈ రెంటి మధ్యా నేను కుదురుగా కూర్చోలేక పొద్దుటి నుంచి పదిసార్లు వంటింటి వెనక తలుపు తీసి చూశాను. నీళ్లెక్కడా లేవు. మురుగు కాలువలో చెత్త ఎప్పటిలాగే కదలకుండా ఉంది. అయినా స్టవ్ మీద పాలు పెట్టి మళ్లీ వెళ్లాను, అవి కాస్తా పొంగిపోయాయి. మా ఆయన పేపరు దించి, ఇంటికి కాదు, ముందు నీకు చేయించాలి బీమా అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు. బీమా అన్న మాట చెవిన పడితే నాకు మా అత్త గుర్తొస్తుంది. ఇక ఆ పూట ఏ పనీ సాగదు.

అత్త పుట్టిల్లు నౌపడ. వాళ్ల నాన్న ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. మడిలో నీళ్లు అన్ని మూలలకీ సమంగా పారాలంటే వేలెడు వాలు కూడా కంటితోనే పట్టాలట. పుట్టింటి నుంచి ఆవిడ తెచ్చుకున్న ఆస్తల్లా ఆ కన్నే. ఎవరింటికి వెళ్లినా కాఫీ అందుకోక ముందే గచ్చు చూసేది. మీ వసారా తూరుపుకి వాలిందని ఇంటావిడ మొహం మాడిపోయేలా చెప్పేది. ఒకసారి పాస్టరుగారి కొత్త ఇంటి ప్రార్థనకి వెళ్లి, అందరూ ఆమెన్ అన్నాక, ఈ గదిలో నీరు నిలబడతాదని చెప్పి నా పరువు తీసింది. తర్వాత నిజంగానే నిలబడింది, కానీ దానివల్ల పోయిన పరువేమీ తిరిగి రాలేదు.

శ్రీకాకుళం ఊరి చివర మేం స్థలం చూడ్డానికి వెళ్లింది నడివేసవిలో. నేల గట్టిగా ఉంది, హద్దు రాళ్లకి సున్నం వేసి, రంగు జెండాలు కట్టారు. నాగావళి ఎంత దూరమని బ్రోకర్ని అడిగాం. చాలా దూరమన్నాడు, నిజమే. నది ఎప్పుడు పొంగినా ఈ వైపుకి రాలేదన్నాడు, అదీ నిజమే. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. జిల్లాలో ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో పిల్లల చేత బట్టీ పట్టించినదాన్ని. నాకంతకంటే ఏం కావాలి? అత్త మాత్రం చెప్పులు విడిచి ఆ మూల నుంచి ఈ మూలకి నడిచింది. ఒకచోట వంగి తుంగ దుబ్బొకటి వేళ్లతో సహా పీకింది. ఎండలు ఇలా మండుతుంటే తుంగ పచ్చగా ఉందంటే అడుగున నీళ్లున్నట్టేననీ, ఇది కప్పెట్టేసిన గెడ్డ అనీ తేల్చేసింది. మా వైపు పొలాల్లోంచి వచ్చే చిన్న వాగుని గెడ్డ అంటారు. ఏడాదిలో ముప్పాతిక కాలం ఎండిపోయి, పశువులు తిరిగే దారిలా ఉంటుంది. దాన్ని మట్టి పోసి చదును చేస్తే ఇక గెడ్డ ఉండేదన్న సంగతి కూడా ఎవరికీ పట్టదు.

మేం వినలేదు. రిజిస్ట్రేషన్ కాగితాల్లో గెడ్డ లేదు, ప్లానులో గెడ్డ లేదు. ఇల్లు కట్టాం, కాలనీకి చివర నగర్ అని వచ్చే మంచి పేరొకటి పెట్టుకున్నాం. అత్త ఆటో ఎక్కితే మాత్రం "గెడ్డ కాడికి పోనియ్ బాబూ" అనేది. ఆటోవాడు దారి అడక్కుండా తిన్నగా తెచ్చి మా గేటు ముందు దింపేవాడు, అందుకు నాకు మరీ ఒళ్లు మండేది. పక్కింటివాళ్లు వింటారు, నగర్ అనండత్తా అని బతిమాలేదాన్ని. నోరు తిరగదనేది. పాత నిబంధనలో రాజుల పేర్లన్నీ గడగడా చదివే మనిషికి నగర్ అనడానికి నోరు తిరగలేదు.

అప్పిచ్చిన బ్యాంకువాళ్లు ఇంటికి బీమా తప్పదన్నారు. ఫారం మా ఆయనే నింపారు. దగ్గరలో నది, వాగు, కాలువ వంటివి ఉన్నాయా అన్న చోట లేవు అని గుండ్రంగా రాశారు. అబద్ధం రాశారని నేననను. లేదనే మా నమ్మకం. నమ్మితేనే అక్కడ నిద్ర పడుతుంది మరి. పాలసీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచి, ఇల్లూ సామానూ అన్నీ భద్రమేనని ధీమాగా ఉన్నాం. లోపలేం రాసుందో ఇద్దరం చదవలేదు. పాఠం చదవకుండా పరీక్షకి రావద్దని పిల్లల్ని తిట్టిన నోరే ఇది.

తుఫాను వచ్చింది ఆదివారం. చర్చిలో ఆరాధన మానేశారు. ఊళ్లో మగవాళ్లంతా వంతెన మీదికి నాగావళిని చూడ్డానికి వెళ్లారు, మావాళ్లకి అదో తీర్థం. మా ఆయనా వెళ్లారు. పదకొండింటికి ఫోను చేసి, నది వంతెన కిందే ఉంది, భయం లేదు, పకోడీలకి పిండి కలుపు అన్నారు. అప్పటికి నేను వంటింట్లో మడమ లోతు నీళ్లలో నిలబడి ఉన్నాను. ముందు బాత్రూం తూము బుడబుడమంది. తర్వాత పెరటి గోడ కింద నుంచి ఎర్రనీళ్లు తోసుకొచ్చాయి. అందరం నది వైపు చూస్తుంటే నీళ్లు పొలాల వైపు నుంచి వచ్చాయి. గంటలో మోకాలు దాటాయి. అత్తని మేడమెట్ల మీదికి ఎక్కించాను. ఆవిడ మెట్టు మెట్టుకీ ఆగి నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చూసింది.

మూడో రోజుకి నీళ్లు తీశాయి. బీమా సర్వేయరు వచ్చి చూసేదాకా ఏదీ కడగొద్దు, పారేయొద్దు అన్నారు. ఆ బురద కంపులో, ఉబ్బిపోయిన తలుపుల మధ్య, చీపురు పట్టుకోకుండా ఉండటం నాకు వరద కంటే నరకమైంది. చివరికి సర్వేయరు ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. గోడ మీద మరక కొలిచాడు, ఫోటోలు తీశాడు. దగ్గరలో వాగులేవీ లేవని ఫారంలో రాశారు కదా, మరి ఇన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగాడు. బాత్రూం తూములోంచండీ, అన్నారు మా ఆయన. సర్వేయరు అదే రాసుకోబోయాడు.

"గెడ్డ ఉన్నాది బాబూ" అంది మెట్ల మీద కూర్చున్న అత్త. "ఇప్పుడు మనం నిల్సున్నది దాంట్లోనే."

ఆపైన ఆగలేదు. గెడ్డ ఎక్కడ మొదలై, ఎవరి పెరట్లోంచి, ఏ వంటింటి కింద నుంచి పోతుందో కర్రతో బురదలో గీసి చూపించింది. సర్వేయరు దానికీ ఫోటో తీసుకున్నాడు. అతను గేటు దాటగానే మా ఆయన, "వరద సగం ముంచింది. మిగతా సగం నువ్వు ముంచీసేవమ్మా" అన్నారు. అది మొదలు తల్లితో అవసరమైన మాట తప్ప మరో మాట లేదు. ఇంటి తలుపులు మార్చాలి, తీగలు మార్చాలి, క్లెయిము రాకపోతే మా వల్లయ్యే పని కాదు. నేనూ లోలోపల ఆవిడనే తప్పుపట్టాను. ఆ మాట ఒప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గే.

ఒక మధ్యాహ్నం మేడ మీద తడిసిన పుస్తకాలు ఆరబెడుతుంటే అత్త నా పక్కన కూర్చుంది.

"అమ్మీ, నాను సెడగొట్టీసేనేటే?"

ఏమో అత్తా, ముందు ఉత్తరం రానీండి, అన్నాను. ఆవిడ తలూపింది. మళ్లీ అడగలేదు. ఆ వారమే చర్చి గేటు దగ్గర ఆటో ఎక్కుతూ, నగర్ అని ఆవిడ చెప్పడం విన్నాను. నోరు బాగానే తిరిగింది.

చలికాలంలో జ్వరం తగిలి, వారం తిరక్కుండానే వెళ్లిపోయింది. పోయినవాళ్ల ఇంట్లో చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడిక అయిన మూడో నాడు ఉత్తరం వచ్చింది. సామానుకి ఏమీ రాదు, ఆ పాలసీ మొదటి నుంచీ ఇంటి కట్టడం వరకే. కట్టడం నష్టానికి మాత్రం క్లెయిము ఒప్పుకున్నారు. నీళ్లు ఇంటి పైపుల లోపం వల్ల వచ్చినవి కావని, పూడ్చిన గెడ్డ పొంగి వచ్చిన వరదేనని సర్వేయరు రాశాడట. ఇకమీదట ఫారంలో గెడ్డ సంగతి రాయాలని కింద ఒక ముక్క. తూమన్న మాట దగ్గరే ఆగి ఉంటే పైసా వచ్చేది కాదని మా ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. రెండుసార్లు చదివి, కాగితం నా చేతికిచ్చి, వెళ్లి వాళ్లమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నారు.

లేదత్తా, మీరేమీ చెడగొట్టలేదు. అంతే కదా ఆవిడ అడిగింది. ఆ మాట అనడానికి ఏ ఉత్తరమూ రానక్కర్లేదు. అప్పుడు మాత్రం, వచ్చాక చెబుదాంలే, ఆవిడెక్కడికి పోతుంది అనుకున్నాను.